విద్యార్థి విడిది: స్థితి పరీక్ష, మరమ్మతు అంచనా
(తిరువళ్లూరు, తిరుత్తణి ప్రాంతాన్ని దృష్టిలో ఉంచుకొని)

చదువుకోసం ఇల్లు విడిచి వెళ్లడం తిరుత్తణి ప్రాంతపు తెలుగువారికి కొత్త విషయం కాదు. 1888లో తిరుత్తణిలో తెలుగు కుటుంబంలో పుట్టిన సర్వేపల్లి రాధాకృష్ణన్ తిరుపతిలోని లూథరన్ మిషన్ పాఠశాలలోను, తరువాత వేలూరులోని వూర్‌హీస్ కళాశాలలోను, ఆపైన మద్రాసు క్రైస్తవ కళాశాలలోను చదువుకున్నారు. అంటే ఒక్క విద్యార్థి చదువు మూడు ఊళ్లను చుట్టివచ్చింది. నాటి నుండి నేటివరకు ఈ ప్రాంతపు విద్యార్థి ముందు రెండు దారులు ఉంటూ వచ్చాయి. ఒకటి ఉత్తరాన తిరుపతికి, రెండవది తూర్పున మద్రాసుకు. 1954లో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం తిరుపతిలో ఏర్పడినప్పుడు తిరుత్తణి కూడా చిత్తూరు జిల్లాలోనే ఉంది. పటాస్కర్ సిఫారసులను అనుసరించి 1959లో చేసిన సరిహద్దుల మార్పు చట్టం 1960 ఏప్రిల్ 1న అమలులోకి రాగా, తిరుత్తణి తాలూకాలో అధిక భాగం మద్రాసు రాష్ట్రంలో చేరింది. ఆనాడు చెంగల్పట్టు జిల్లాలో కలిసిన ఈ ప్రాంతం 1997లో ఏర్పడిన తిరువళ్లూరు జిల్లాలో భాగమయింది. సరిహద్దు మారినా విద్యార్థుల ప్రయాణం ఆగలేదు. ప్రయాణం చేసినవారికి తల దాచుకునే చోటు కావాలి. ఆ చోటు గురించే ఈ వ్యాసం.

విద్యార్థులు నివసించే ఇంటిని తమిళంలో 'విడుది' అంటారు. మనం పెళ్లివారిని దింపే ఇంటిని 'విడిది' అంటాం. రెండు మాటలకు మూలం ఒక్కటే. 2025 జూలైలో తమిళనాడు ప్రభుత్వం తన సంక్షేమ శాఖల విద్యార్థి వసతి గృహాలన్నింటికి 'సమూగ నీది విడుదిగళ్', అంటే సామాజిక న్యాయ విడుదులు అని పేరు పెట్టినప్పుడు ఈ మాట మరింత వ్యాప్తిలోకి వచ్చింది. పేరు ఏదైనా, పైకప్పు గట్టిగా ఉందా లేదా అన్నది వేరే ప్రశ్న. దానికి జవాబు చెప్పే పద్ధతి ఒకటి ఉంది. అది ఇంజనీర్లకు మాత్రమే తెలియవలసిన రహస్యమేమీ కాదు. ఆ గదులలో పడుకునే విద్యార్థికి కూడా కొంత తెలియాలి.

మేము చదువుకునే రోజులలో ఉన్న ఒక వసతి గృహంలో ఒక మధ్యాహ్నం పైకప్పు నుండి చాపంత పెచ్చు ఊడి మంచంమీద పడింది. మంచంమీద ఎవరూ లేరు గనుక అది పెద్ద విషయం కాలేదు. వారం తిరగకముందే మేస్త్రి వచ్చి సిమెంటు పూశాడు, సున్నం కొట్టాడు. మరుసటి సంవత్సరం అదే చోట అంతకంటె పెద్ద పెచ్చు ఊడింది. మొదటిసారి ఖర్చుపెట్టిన డబ్బు వృథా అయిందన్నమాట. ఎందుకు అయిందో మాకు అప్పుడు తెలియదు. తరువాత తెలిసింది. ఆ తెలిసిన దానిని మీతో పంచుకోవాలని మా ఉద్దేశం.

పెచ్చు ఎందుకు ఊడుతుంది?

కాంక్రీటు లోపల ఉన్న కంబి సాధారణంగా తుప్పు పట్టదు. కాంక్రీటుకు ఉన్న క్షార గుణం కంబిమీద కంటికి కనిపించని రక్షణ పొరను నిలిపి ఉంచుతుంది. అయితే గాలిలోని బొగ్గుపులుసు వాయువు ఏళ్ల తరబడి కాంక్రీటులోకి ఇంకుతూ ఆ క్షార గుణాన్ని తగ్గిస్తుంది. ఆ మార్పు కంబిని చేరేసరికి రక్షణ పొర పోతుంది. అక్కడికి చెమ్మ కూడా చేరితే తుప్పు మొదలవుతుంది. తుప్పు తాను తినివేసిన ఇనుముకంటె రెండు మొదలు ఆరు రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఆ ఒత్తిడికి కాంక్రీటు మొదట కంబి వెంబడి నెర్రె విచ్చుతుంది, తరువాత గుల్ల అవుతుంది, చివరకు పెచ్చుగా రాలుతుంది. అందుచేత పెచ్చు ఊడటం రోగం కాదు, రోగానికి గుర్తు. రోగం కంబిలో ఉంది, దానికి కారణం పైనుండి దిగే నీటిలో ఉంది. మా మేస్త్రి గుర్తును పూడ్చి, రోగాన్ని అలాగే వదిలేశాడు.

ఉప్పు ఉన్నచోట ఈ పని మరింత త్వరగా జరుగుతుంది. తిరువళ్లూరు జిల్లా తూర్పు భాగంలో, మీంజూరు, పొన్నేరి వైపు, భూగర్భజలాన్ని అధికంగా తోడటం వల్ల సముద్రపు నీరు లోపలికి చొచ్చుకు వచ్చిన సంగతి కొన్ని దశాబ్దాలుగా శాస్త్రజ్ఞులు గుర్తిస్తూ వచ్చినదే. అటువంటి బోరునీటితో కలిపిన కాంక్రీటులో ఉప్పు మొదటి రోజునుండే ఉంటుంది. కంబి వేసిన కాంక్రీటుకు వాడే నీటిలో క్లోరైడు లీటరుకు 500 మిల్లీగ్రాములు మించరాదని ఐ.ఎస్. 456 ప్రమాణపత్రం నిర్దేశించింది. తిరుత్తణి సముద్రానికి దూరం గనుక అక్కడ ఈ బెడద తక్కువ. కాని మిద్దెమీద నీరు నిలిస్తే కొండ ఊరైనా, కోస్తా ఊరైనా ఒకటే.

పాత మిద్దెలు వేరు

ఈ ప్రాంతంలో ఇప్పటికీ కొన్ని పాత భవనాలకు 'మద్రాసు టెర్రసు' అనే పైకప్పు ఉంది. దీనిలో కంబి ఉండదు. గోడనుండి గోడకు టేకు దూలాలు వేసి, వాటిమీద పలుచని ఇటుకలను నిలువుగా, ఏటవాలు వరుసలలో సున్నపు అడుసుతో పేర్చి, ఆపైన ఇటుక ముక్కలు, సున్నం కలిపిన పొరను దిమ్మిసతో కొట్టి, చివరకు పలుచని పెంకులు పరచేవారు. సున్నంలో కరక్కాయ ఊట, బెల్లపు నీళ్లు కలిపేవారు. ఇటువంటి కప్పుకు ప్రాణం దూలంలో ఉంది. గోడలో దిగిన దూలపు కొన చెమ్మకు చివికిందా, చెదలు తిన్నదా అని చూడాలి. సన్నని ఉలితో పొడిస్తే మంచి టేకు ఎదురు తిరుగుతుంది, చివికిన కొయ్య లోపలికి దిగిపోతుంది.

ఇటువంటి భవనాలలో సాధారణంగా జరిగే పొరపాటు ఒకటి ఉంది. సున్నపు గోడకు పెళుసైన సిమెంటు పూత పూయడం. సున్నపు గోడ చెమ్మను పీల్చి మళ్లీ గాలికి వదులుతుంది. సిమెంటు పూత ఆ దారి మూసివేస్తుంది. లోపల చిక్కిన చెమ్మ గోడలో పైకి పాకి, ఉప్పు పూసి, పూతను ఉబ్బించి రాలుస్తుంది. పాత గోడకు పాత మందే మంచిది. కనుక అంచనా వేసేవారు మొదట అడగవలసిన ప్రశ్న 'ఎంత ఖర్చు?' అని కాదు. 'ఈ భవనం దేనితో కట్టారు?' అని.

ఎప్పుడు చూడాలి?

భవనాన్ని ఏ నెలలో చూశామన్నది చాలా ముఖ్యం. తిరువళ్లూరు, తిరుత్తణులకు ఎక్కువ వాన అక్టోబరు నుండి డిసెంబరు వరకు ఈశాన్య ఋతుపవనాలతో వస్తుంది. 2015 డిసెంబరు మొదటి రోజులలోను, 2023 డిసెంబరులో మిచాంగ్ తుఫాను సమయంలోను చెన్నై, తిరువళ్లూరు జిల్లాలు ఎలా మునిగాయో పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మే నెలలో చూసిన మిద్దె మనకు అబద్ధం చెబుతుంది. మరకలు ఎండి ఉంటాయి, ఎవరో వాటిమీద సున్నం కొట్టి ఉంటారు. కాబట్టి పరీక్ష డిసెంబరు, జనవరి నెలలలో జరగాలి. అంచనా ఫిబ్రవరిలో తయారు కావాలి. పని వేసవి సెలవులలో ముగియాలి. జూన్‌లో కొత్త విద్యార్థులు వచ్చేసరికి సిమెంటు వాసన మాత్రమే మిగలాలి. సాధారణంగా దీనికి తలకిందులుగా జరుగుతుంది. పరీక్ష మే నెలలో, మంజూరు ఆగస్టులో, పని అక్టోబరు వానలో. వానలో వేసిన మిద్దె పూత నిలవదు.

వేసవిలో పని చేస్తే నీటి ఎద్దడి మరొక చిక్కు. కొత్త కాంక్రీటును మామూలు సిమెంటైతే కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంటైతే కనీసం 10 రోజులు తడుపుతూ ఉండాలి. ఆ నీటికి అయ్యే ఖర్చును కూడా అంచనాలో చూపాలి. చూపకపోతే తడపడం మానేస్తారు.

ఎలా చూడాలి?

భవనాన్ని పైనుండి కిందికి చూడటం మేస్త్రుల అలవాటు. నీరు పైనుండి కిందికి దిగుతుంది గనుక అది సరైన పద్ధతి. కావలసిన సామాను కొద్ది: అరకిలో సుత్తి, టేపు, గుండుతాడు, టార్చిలైటు, సుద్దముక్క, ఒక నోటు పుస్తకం.

మొదట మిద్దె ఎక్కాలి. నీరు నిలిచిన గుర్తులు, పగిలిన పెంకులు, పిట్టగోడ మొదట్లో చీలికలు, మూసుకుపోయిన తూములు, గోడలో మొలిచిన రావి మొక్కలు రాసుకోవాలి. రావి మొక్కను పీకితే చాలదు, వేరు చావాలి. పిట్టగోడను ప్రత్యేకంగా చూడాలి. విద్యార్థులు దానికి ఆనుకుని నిలబడతారు.

తరువాత పై అంతస్తు కప్పు కింద నిలబడి సుత్తితో మెల్లగా తట్టుకుంటూ పోవాలి. గట్టి కాంక్రీటు కంగుమంటుంది. విడిపోయినది గుల్ల పలుకుతుంది. గుల్ల పలికినంత మేర సుద్దతో గీత గీసి, పొడవు వెడల్పులు కొలవాలి. ఈ ఒక్క పనిని సరిగా చేస్తే అంచనాలో సగం పూర్తయినట్లే. చాలా అంచనాలలో 'కప్పు మరమ్మతు, మొత్తంగా ఇంత' అని రాస్తారు. కొలత లేని అంక నమ్మదగినది కాదు.

మూడవది గోడల పగుళ్లు. పగులు తన కారణాన్ని తానే చెబుతుంది. కిటికీ మూలనుండి మెట్లలాగ ఏటవాలుగా పోయే పగులు పునాది ఒకవైపు దిగిందని చెబుతుంది. పై అంతస్తులో శ్లాబుకు సరిగా కింద అడ్డంగా పోయే పగులు ఎండకు శ్లాబు సాగి ముడుచుకుంటోందని చెబుతుంది. స్తంభం అంచువెంట నిలువుగా పోయే పగులు లోపలి కంబి తుప్పును చెబుతుంది. మొదటిది, మూడవది ఇంజనీరు చూడవలసినవి. రెండవది భయపెట్టేంతది కాదు. పగులు పెరుగుతోందా, ఆగిందా తెలుసుకోవడానికి దానికి అడ్డంగా చిన్న గాజు ముక్కను జిప్సంతో అతికించి, తేదీ రాయాలి. గాజు విరిగితే గోడ కదులుతోంది. ఒక వానాకాలం, ఒక వేసవి గడిచినా గాజు చెక్కు చెదరకపోతే పగులు పాతదే.

నాల్గవది మరుగుదొడ్లు, స్నానాల గదులు. వీటి కింది గది కప్పు చూస్తే వీటి స్థితి తెలుస్తుంది. అయిదవది విద్యుత్తు. గదికొక దీపం, ఒక పంకా అనుకొని వేసిన తీగలమీద నేడు నలుగురి ఫోన్లు, కంప్యూటర్లు, నీళ్లు కాచే కడ్డీలు ఆధారపడుతున్నాయి. ఎర్తింగు ఉందా, 30 మిల్లీ ఆంపియర్ల లీకుకే కరెంటు కోసివేసే సాధనం ఉందా అని చూడాలి. కప్పు కూలే ముందు హెచ్చరిస్తుంది. తీగ హెచ్చరించదు.

ఇంతవరకు కన్ను, చెవి చేసే పని. అనుమానం మిగిలినచోట పరికరాలు కావాలి. కాంక్రీటు ముక్క కొట్టి, తాజా ముఖంమీద ఫినాఫ్తలీన్ ద్రావణం చల్లితే క్షార గుణం ఉన్నంతమేర గులాబీ రంగు వస్తుంది. రంగు రాని లోతు కంబి దాకా పోయిందంటే రక్షణ పోయినట్లే. అల్ట్రాసోనిక్ పరీక్షలో ధ్వని తరంగం కాంక్రీటులో ఎంత వేగంగా సాగుతుందో కొలుస్తారు. 1992 నాటి భారతీయ ప్రమాణం ప్రకారం సెకనుకు 4.5 కిలోమీటర్లు దాటితే చాలా మంచిది, 3.5 పైన మంచిది, 3.0 నుండి 3.5 వరకు మధ్యరకం, 3.0కు తగ్గితే అనుమానించదగినది అని లెక్కించేవారు. మరింత నిర్ధారణ కావాలంటే కాంక్రీటు నుండి గుండ్రని ముక్కలు తొలిచి నలిపి చూస్తారు. కనీసం మూడు ముక్కల సగటు, అనుకున్న బలంలో 85 శాతానికి తగ్గకూడదు. ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు. ఈ పరీక్షలు ఇంజనీరింగు కళాశాలల ప్రయోగశాలలలో చేస్తారు. అన్ని గదులకు అవసరం లేదు. సుత్తి చూపించిన చోట్ల చేయిస్తే చాలు.

అంచనా ఎలా వేస్తారు?

అంచనా అంటే మూడు అంకెల గుణకారం మాత్రమే: ఏ పని, ఎంత కొలత, ఏ రేటు. కొలత మనం చూసినది. రేటు ప్రభుత్వ పనులకు ఏటేటా వెలువడే రేట్ల పట్టికనుండి తీసుకుంటారు. పని జరిగిన తరువాత కొలతల పుస్తకంలో నమోదు చేసి బిల్లు చెల్లిస్తారు. తమిళనాడులో ఆది ద్రావిడ, గిరిజన సంక్షేమ శాఖ వసతి గృహాల నిర్మాణపు పనులు చాలావరకు 'తాట్కో' అనే ప్రభుత్వ సంస్థ చేపడుతుంది. ఇతర ప్రభుత్వ భవనాలు ప్రజాపనుల శాఖ చేతిలో ఉంటాయి.

పద్ధతి అర్థం కావడానికి ఒక ఊహా భవనాన్ని తీసుకుందాం. రెండు అంతస్తులు, 16 గదులు, అంతస్తుకు 300 చదరపు మీటర్లు, మొత్తం 600. కింద ఇచ్చిన రేట్లు లెక్క చూపడానికి మేము అనుకున్నవి మాత్రమే. మీరు మీ సంవత్సరపు పట్టికలోని రేట్లు వేసుకోవాలి.

1. గుల్ల పలికిన శ్లాబు కొట్టి, కంబి శుభ్రపరచి, పూత వేసి, కొత్త మోర్టారు కట్టడం: 72 చ.మీ., చ.మీ.కు రూ. 4,500 చొప్పున రూ. 3,24,000.
2. సన్నబడిన కంబి స్థానంలో కొత్త కంబి: 250 కిలోలు, కిలోకు రూ. 110 చొప్పున రూ. 27,500.
3. మిద్దెమీద పాత పొర తీసి కొత్తది వాలుతో వేయడం: 300 చ.మీ., రూ. 1,800 చొప్పున రూ. 5,40,000.
4. మరుగుదొడ్ల గుంపులు నాలుగు, ఒక్కొక్కటి రూ. 1,25,000 చొప్పున రూ. 5,00,000.
5. గోడల పగుళ్లు, పూత: 180 చ.మీ., రూ. 450 చొప్పున రూ. 81,000.
6. విద్యుత్తు: 16 గదులు రూ. 14,000 చొప్పున రూ. 2,24,000, బోర్డు, ఎర్తింగు రూ. 60,000, వెరసి రూ. 2,84,000.
7. తలుపులు, కిటికీలు 40, రూ. 3,500 చొప్పున రూ. 1,40,000.
8. రంగులు: 2,400 చ.మీ., రూ. 120 చొప్పున రూ. 2,88,000.
9. సారువ కట్టడం, శిథిలాలు తొలగించడం: రూ. 1,15,500.

మొత్తం రూ. 23,00,000. పెచ్చు కొట్టిన తరువాత గాని బయటపడని నష్టం ఉంటుంది గనుక మరమ్మతు అంచనాకు ఊహించని ఖర్చుల కింద కొంత కలపాలి. ఇక్కడ 15 శాతం కలిపితే రూ. 26,45,000. దానిమీద 18 శాతం జి.ఎస్.టి. కలిపితే రూ. 31,21,100.

ఈ అంకె ఎక్కువా, తక్కువా? దీనిని కొత్త భవనపు ఖర్చుతో పోల్చాలి. చదరపు మీటరుకు రూ. 25,000 అనుకుంటే పన్నులు లేకుండా కొత్త భవనానికి రూ. 1,50,00,000. పన్ను కలపని మరమ్మతు ఖర్చు రూ. 26,45,000 దానిలో సుమారు 17.6 శాతం. ఈ నిష్పత్తిని అమెరికాలో విశ్వవిద్యాలయాల ఆస్తుల నిర్వహణకోసం 1991లో ప్రచారంలోకి తెచ్చారు. 5 శాతం లోపు ఉంటే భవనం మంచి స్థితిలో ఉన్నట్లు, 5 నుండి 10 వరకు ఫరవాలేనట్లు, 10 దాటితే బాగా లేనట్లు లెక్క. మన ఊహా భవనం 'బాగా లేదు'. అయితే 'బాగా లేదు' అంటే 'కూల్చాలి' అని కాదు. ఆరింట ఒక వంతుకు కొంచెం పైన ఖర్చుతో బాగుపడే ఇంటిని కూల్చడం, కూల్చిన తరువాత మంజూరు కోసం ఏళ్లు ఎదురుచూడటం, ఆ ఏళ్లలో విద్యార్థులు అద్దె గదులు వెతుక్కోవడం విద్యార్థికి మేలు చేయవు. మరొకవైపు పునాది కదులుతున్న భవనంలో నిష్పత్తి 8 శాతమే ఉన్నా అందులో ఎవరినీ ఉంచరాదు. నిష్పత్తి డబ్బును కొలుస్తుంది, ప్రమాదాన్ని కొలవదు. రెండింటికీ వేర్వేరు వరుసలు ఉండాలి.

డబ్బు చాలనప్పుడు

అడిగినంత మంజూరు కావడం అరుదు. 31 లక్షలు అడిగితే 10 లక్షలు వచ్చాయనుకుందాం. ఏది ముందు?

సామాన్యంగా రంగులు ముందు వేస్తారు. తనిఖీకి వచ్చినవారికి కనబడేది అదే గనుక. ప్రమాదం ముందు అనుకునేవారు శ్లాబు పెచ్చులు బాగుచేయిద్దామంటారు. అది సబబుగానే తోస్తుంది. కాని మిద్దెమీది నీరు ఆగకుండా కింద శ్లాబు కట్టిస్తే మా మేస్త్రి కథే తిరిగి జరుగుతుంది. కనుక మా లెక్క ఇది: మిద్దె పొరకు, ఊహించని ఖర్చు, పన్ను కలిపి, రూ. 7,32,780. విద్యుత్తు బోర్డు, ఎర్తింగుకు అదేవిధంగా రూ. 81,420. రెండూ కలిసి రూ. 8,14,200. మిగిలిన రూ. 1,85,800తో ఊడబోయే పెచ్చులను ముందుగానే కొట్టి దించడం, అవసరమైన చోట శ్లాబు కింద ఊతాలు నిలపడం. గుల్ల పలికిన గదులను ఈ సంవత్సరం తాళం వేసి, విద్యార్థులను ఇతర గదులకు మార్చడం. గది మూయడానికి ఖర్చు లేదు, ఇబ్బంది మాత్రం ఉంది. ఆ ఇబ్బందిని ఒప్పుకోలేకనే చాలాచోట్ల విద్యార్థులను గుల్ల శ్లాబు కింద పడుకోబెడుతున్నారు.

వాయిదా వేయడం వల్ల ఖర్చు ఎలా పెరుగుతుందో డి సిటర్ అనే ఇంజనీరు 1984లో ఒక సూత్రంగా చెప్పాడు. కట్టేటప్పుడు ఒక రూపాయితో తీరే పనికి తుప్పు మొదలుకాకముందు జాగ్రత్తపడితే అయిదు రూపాయలు, తుప్పు మొదలయ్యాక 25, శ్లాబే దెబ్బతిన్నాక 125 అవుతుందని ఆయన లెక్క. ఇది కొలిచి చెప్పిన అంకె కాదు, హెచ్చరిక. మూసుకుపోయిన మిద్దె తూమును సెప్టెంబరులో శుభ్రం చేయడానికి ఒక మనిషికి ఒక పూట కూలి చాలు.

విద్యార్థి ఏమి చేయగలడు?

2021 డిసెంబరు 17న తిరునెల్వేలిలో ఒక పాఠశాల మరుగుదొడ్డి గోడ కూలి ముగ్గురు విద్యార్థులు చనిపోయారు. ఆ తరువాతనే తమిళనాడు అంతటా పాఠశాల భవనాల తనిఖీలు జోరుగా సాగి, శిథిలమైన వాటిని కూల్చివేశారు. తనిఖీ ప్రమాదానికి ముందు జరగవలసినది. ముందు జరగాలంటే ఎవరో ఒకరు కాగితంమీద రాయాలి.

ప్రభుత్వ వసతి గృహాల అంచనాలు, కొలతల పుస్తకాలు, పని పూర్తయిన ధ్రువీకరణలు 2005 నాటి సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. 30 రోజులలో జవాబు రావాలి. ప్రైవేటు వసతి గృహాల విషయంలో, స్త్రీలకు, పిల్లలకు నడిపే వాటికి 2014 తమిళనాడు చట్టం ప్రకారం కలెక్టరు ఇచ్చిన లైసెన్సు ఉండాలి. మీరు చేరబోయే వసతి గృహానికి అది ఉందా అని అడగడంలో తప్పు లేదు. తల్లిదండ్రులు మెస్సులో భోజనం ఎలా ఉందని అడుగుతారు. పైకప్పు ఎలా ఉందని కూడా అడగమనండి.

ఇక భాష సంగతి. తిరుత్తణి పరిసరాలలో మేస్త్రి తమిళం, తెలుగు రెండూ మాట్లాడవచ్చు. తమిళంలో 'కొత్తనార్' అనే అతనే మన తాపీ మేస్త్రి. 'కంబి' రెండు భాషలలోనూ కంబియే. 'శుణ్ణాంబు' మన సున్నమే. కాని అర్జీలో 'గది బాగా లేదు' అని రాస్తే ఏ భాషలో రాసినా ఎవరూ కదలరు. 'పై అంతస్తులో ఇన్నో నంబరు గది, తూర్పు గోడవైపు, రెండు మీటర్ల పొడవు, ఒకటిన్నర మీటరు వెడల్పున శ్లాబు గుల్ల పలుకుతోంది, కంబి కనిపిస్తోంది, ఫలానా తేదీన చూశాం' అని రాసిన కాగితాన్ని పక్కన పడవేయడం అధికారికి కష్టం. రేపు పెచ్చు ఊడితే ఆ కాగితమే సాక్ష్యం చెబుతుంది.

కావున ఈ వ్యాసం చదివిన విద్యార్థులు ఒక చిన్న పని చేయాలని కోరుతున్నాం. వచ్చే డిసెంబరులో, వాన వెలిసిన మరునాడు, మీ గది కప్పు ఒకసారి తలెత్తి చూడండి. మరక ఉంటే పెన్సిలుతో దాని అంచు గీసి తేదీ వేయండి. నెల తరువాత మళ్లీ చూడండి. మరక గీత దాటితే కొలిచి, రాసి, వార్డెనుకు ఇచ్చి, నకలు మీ దగ్గర ఉంచుకోండి. మా గదిలో ఆ పని ఎవరూ చేయలేదు. పెచ్చు ఊడిన వేళ ఆ మంచం ఖాళీగా ఉండటం మా తెలివి కాదు.